పన్నెండు సాళ్ల పంక్తి

నిలోఫర్ మొండిది. ఇది నేను కల్పించి చెప్పే మాట కాదు, పుంగనూరులో వాళ్లమ్మ అజీజాబీ రోజుకు నాలుగుసార్లు అనే మాటే. లేకపోతే మదనపల్లె కాలేజీలో బీఎస్సీ బాటనీ మూడో సంవత్సరం చదివే పిల్ల, ప్రాజెక్టు కోసం ప్రతి ఆదివారం తెల్లారకముందే లేచి, పలమనేరులో ఒక బస్సు, వీకోటలో ఇంకో బస్సు మారి, కుప్పంలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో గుడుపల్లె దాకా ఎందుకు పోతుంది? క్లాసులో మిగతావాళ్లంతా కాలేజీ వెనకున్న నాలుగు కుండీల్లో మెంతులు చల్లి ప్రాజెక్టు అయిందనిపించారు. ఈమెకు మాత్రం నిజమైన చేనే కావాలి, నిజంగా తెగులు తగిలే టమోటానే కావాలి.

ఆ పట్టుదల వెనక ఒక కారణం లేకపోలేదు. బెంగళూరులోని ఒక పరిశోధనా సంస్థ ప్రతి ఏడాదీ ఈ కాలేజీ నుంచి ఒక్కరిని ఆరు నెలల శిక్షణకు తీసుకుంటుంది. ఒక్కరినే. నవంబరు పదమూడున సెమినార్ పెట్టి, ప్రాజెక్టులు చూసి ఎంచుకుంటారు. డిగ్రీ అయ్యాక ఏం చేయాలో నిలోఫర్‌కు తెలిసిన దారి అదొక్కటే, ఇంకో దారి ఉందేమోనని ఆమె వెతకనూ లేదు.

పుంగనూరు చుట్టుపక్కల ఆమె అడగని రైతు లేడు. వాళ్ల నాన్న మహబూబ్ బాషాకు బస్టాండు దగ్గర స్ప్రేయర్లు బాగుచేసే అంగడి ఉంది. మందు కొట్టే ట్యాంకు చెడిపోయిందంటే పెద్దపంజాణి నుంచి కూడా రైతులు ఆయన దగ్గరికే వస్తారు. అంగడికి వచ్చిన ప్రతి మనిషినీ ఈమె అడిగింది. "నాలుగు సాళ్లకు మందేసి, నాలుగు సాళ్లు ఊరికే వదిలేస్తావా? వదిలేసినవి చస్తే?" అని వాళ్లు అడిగితే, "చస్తేనే కదా తెలిసేది" అనేది. ఆ జవాబు విన్నాక చేను ఎవరిస్తారు చెప్పండి!

చివరికి హాస్టల్లో పక్క మంచం అమ్మాయి రేఖ గట్టెక్కించింది. రేఖ వాళ్లది గుడుపల్లె దగ్గర పల్లె. నాన్న మునిస్వామికి బోరు కింద రెండెకరాల టమోటా ఉంది. ఏటా ఎండు తెగులుతో మూడో వంతు చెట్లు నిలువునా వాడిపోతాయి. రేఖ నాన్నమ్మ వెంకటరత్నమ్మ, "సదువుకునే బిడ్డ అడుగుతాంటే ఇయ్యకుండా ఉంటామా" అని పన్నెండు సాళ్లు ఇప్పించింది. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు.

ప్రాజెక్టు అర్థం కానంత పెద్దదేం కాదు. ట్రైకోడెర్మా అనే మంచి బూజు ఒకటి ఉంది. వేళ్లకు పట్టి చెట్టును చంపే చెడ్డ బూజును అది తినేస్తుంది. మందుగా అమ్మే దాని పొడిని బాగా మాగిన పశువుల దిబ్బెరువులో కలిపి, బెల్లం నీళ్లు చల్లి, తడి గోనెపట్ట కప్పి పదిహేను రోజులుంచితే ఎరువంతా పచ్చగా బూజు పడుతుంది. దాన్ని ఆరు సాళ్లకు వారానికొకసారి మొదళ్లలో వేయాలి. మిగతా ఆరు సాళ్లకు ఏమీ వేయకూడదు. ఏ వైపు ఎన్ని చచ్చాయో లెక్కపెట్టాలి. సాలుకు ముప్పై చెట్లు, అటు నూట ఎనభై, ఇటు నూట ఎనభై. జూలై మొదటి వారంలో నాటారు.

ప్రతి ఆదివారం పని అయ్యాక వెంకటరత్నమ్మ నిలోఫర్‌నూ, తోడొచ్చిన రేఖనూ వసారాలో కూర్చోబెట్టి సంగటి పెట్టేది. మొదటి రోజు నిలోఫర్ కాస్త వెనక్కి జరిగి కూర్చుంది. తనకు ఏం పెడతారో, ఎందులో పెడతారో అన్న సందేహం నిలోఫర్‌కే ఉంది, ముసలామెకు లేదు. "యాల ఆడ కూసున్నావు? ముందుకు రా. పంక్తిలో కూసున్నోళ్లంతా ఒకటే" అని, రేఖకు ఎంత ముద్దో ఈమెకూ అంతే ముద్ద వేసి, ఊరిబిండి పచ్చడి వడ్డించింది. ముద్ద పెద్దదైపోయిందని రేఖ గొణిగితే, "నీకు తగ్గిస్తే ఆయమ్మకూ తగ్గించల్ల, ఇద్దురూ తినండి" అంది. నిలోఫర్‌కు ఆ పూట కడుపుతో పాటు ఇంకేదో కూడా నిండింది.

ఆగస్టు చివరి ఆదివారం లెక్క తేలింది. మందేసిన సాళ్లలో చచ్చినవి పదకొండు. వేయని సాళ్లలో చచ్చినవి పదమూడు.

తేడా రెండు చెట్లు. నిలోఫర్ మళ్లీ లెక్కపెట్టింది. రేఖతో ఇంకోసారి పెట్టించింది. అటు మునిస్వామి సొంత సాళ్లలో చూస్తే మూడో వంతు వాడి వంగిపోయి ఉన్నాయి. తెగులు లేక కాదు, చేనంతా ఉంది. ఈ పన్నెండు సాళ్లలోనే ఏదో జరిగింది. తిరుగు బస్సులో వీకోట దాకా ఆమె ఆ లెక్కల కాగితాన్నే చూస్తూ కూర్చుంది.

గైడు సాయిప్రసాద్ సారు చెడ్డవాడేమీ కాదు. వారానికి ఇరవై క్లాసులు చెప్పి అలసిపోయిన మనిషి. లెక్కలు చూసి, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"చూడమ్మా, ట్రైకోడెర్మా పనిచేస్తుందని పుస్తకాల్లోనే ఉంది. నువ్వు కొత్తగా కనిపెట్టేదేముంది? వెయ్యని సాళ్లలో యాభై ఎనిమిదో అరవయ్యో చచ్చాయని రాసెయ్. నవంబరుకు టైం ఎక్కడుంది?"

"అన్ని చావలేదు కదా సార్."

"చావాల్సింది చావలేదు. అంతే తేడా."

నిలోఫర్ తలూపి బయటికొచ్చింది. ఒక్క నిమిషం ఆశపడింది కూడా, అబద్ధమెందుకు చెప్పాలి? పెన్ను తీసి పదమూడు పక్కన గీత పెడితే అయిపోయే పని. బెంగళూరు ఆ గీతకు అవతల ఉంది. కానీ ఆ పదమూడు ఎందుకు పదమూడయిందో తెలియకుండా నిద్ర పట్టే మనిషి కాదామె. మొండిదని ముందే చెప్పాను కదా.

రెండు వైపుల మట్టినీ సంచుల్లో తెచ్చుకుని ఉంది. హాస్టల్ వంటామెను బతిమాలి నాలుగు ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, తెచ్చి, ల్యాబులో ఉడికించి, ఆ రసం గడ్డకట్టేలా అగర్ పొడి కలిపి గాజు పళ్లాల్లో పోసింది. నీళ్లలో కలిపిన మట్టిని చుక్క చుక్కగా వేసి, మూతపెట్టి ఐదు రోజులు ఆగింది. ఐదో రోజు ఆదివారం, చేనుకు పోకుండా ల్యాబులో చూస్తే మందేసిన సాళ్ల పళ్లాలన్నీ ముదురు పచ్చగా ఉన్నాయి. వేయని సాళ్ల పళ్లాలూ అంతే పచ్చగా ఉన్నాయి. మామూలు మట్టిలో ఆ బూజు ఒకటీ అరా ఉంటే ఉండొచ్చు గానీ, ఇంత చిక్కగా దానంతటది రాదు. ఎవరో వేశారు.

మరునాడు సోమవారం. కాలేజీ ఎగ్గొట్టి, రేఖకు కూడా చెప్పకుండా బస్సెక్కింది. పదకొండు గంటలకు చేనుగట్టు మీద కాలు పెట్టేసరికి వెంకటరత్నమ్మ కనిపించింది. నడుముకు గంప ఆనించుకుని, ఏమీ వేయకూడని ఆరు సాళ్లలో, ఒక్కో చెట్టు మొదట్లో గుప్పెడు గుప్పెడు ఎరువు వేస్తూ, దానిమీద మన్ను కప్పుతూ పోతోంది. పచ్చటి బూజు పట్టిన ఎరువు.

నిలోఫర్‌కు ఒళ్లంతా మంట పుట్టింది. రెండు నెలల బస్సు ప్రయాణాలు, రెండు నెలల లెక్కలు! "అవ్వా!" అని అరిచింది.

ముసలామె ఉలిక్కిపడింది. దొరికిపోయినట్టు మాత్రం చూడలేదు. "ఏంది పాపా, సోమారం వస్తివే?"

"నువ్వేం చేస్తాండావు అవ్వా? ఇవి ముట్టుకోవద్దని సెప్పినా గదా! ఎన్నిసార్లు సెప్పినాను!"

"సెప్పినావు."

"మరి యాల వేసినావు?"

వెంకటరత్నమ్మ గంప కింద పెట్టింది. చేతులు దులుపుకుంది. ఆమెకూ కోపం వచ్చింది, రావలసిన కోపమే అన్నట్టు వచ్చింది. "ఒకే పంక్తిలో కూసోబెడితివి. ఈపక్కోళ్లకు వడ్డిస్తివి, ఆపక్కోళ్లకు ఉత్త విస్తరి సూపిస్తివి. మా ఇంట్లో అట్ల యానాడూ జరగలే. నీకు ఈ ఇంట్లో ఎవురన్నా అట్ల పెట్టిరా? మీరు పొయినంక ప్రతి సోమారం నేనే వడ్డిస్తాండా. సెట్లు నోరు తెరిచి అడగవు గదా అని వదిలేస్తామా?"

 తిట్టాలని నిలోఫర్ నోటిదాకా వచ్చినదంతా ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ పంక్తిలో తను తిన్న ముద్దలు గుర్తొచ్చాయి. గట్టు మీద చతికిలపడి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చేసింది.

ముసలామె పక్కన కూర్చుంది. పరీక్ష సంగతి, బెంగళూరు సంగతి, రెండు చెట్ల తేడా సంగతి అంతా విన్నది.  తర్వాత, తప్పు తనదే అయినా అడగక ఉండలేనన్నట్టు అడిగింది.

"నాకొకటి సెప్పు పాపా. ఈ ఆరు సాళ్లకు నువ్వు మందూ ఎయ్యలే, ఉత్త దిబ్బెరువూ ఎయ్యలే. ఆ ఆరింటికి ఎరువూ ఏసినావు, మందూ ఏసినావు. రేపు అవి బాగుంటే, అది నీ మందు గొప్పా, మా ఆవు గొప్పా?"

నిలోఫర్ తల ఎత్తింది. ముక్కు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. నిజమే! మందు లేని సాళ్లకు మందు ఒక్కటే తక్కువ కావాలి. ఎరువూ తక్కువైతే, పని చేసింది ఏదో ఎలా తెలుస్తుంది? తను చూడలేదు, రేఖ చూడలేదు, సారు సంతకం పెట్టేటప్పుడు సారూ చూడలేదు. ముసలామె వడ్డించకుండా ఉన్నా ఆ లెక్క తప్పు లెక్కే అయ్యేది. 

"అవ్వా, మళ్లీ చేస్తా" అంది. "ఈసారి అందరికీ వడ్డిద్దాం."

మునిస్వామి వినగానే తల పట్టుకున్నాడు. "ఇంకో పన్నెండు సాళ్లా? పంట సచ్చేది సూసేదానికి నేను నీళ్లు కట్టల్నా?" అన్నాడు. తల్లి వైపు చూశాడు. తల్లి ఆయన వైపు చూసింది. మడి సిద్ధమయింది.

అరవై రోజులు కావాలి, సెమినార్‌కు అరవై చిల్లర ఉన్నాయి. నర్సరీలో ట్రేల నారు దొరుకుతుంది. పదిహేను రోజులు మాగే ఎరువే దొరకదనుకుంటే, వెంకటరత్నమ్మ కొట్టం వెనక గోనెపట్ట ఎత్తి చూపించింది. నిలోఫర్ జూలైలో కలిపిన ఎరువు అయిపోవచ్చినప్పుడల్లా ముసలామె కొత్త దిబ్బెరువు, బెల్లం నీళ్లు చేర్చి, పెరుగుకు తోడేసినట్టు దాన్ని బతికిస్తూ వచ్చింది. కుప్ప నిండుగా, పచ్చగా ఉంది. దొంగతనంగా వడ్డించడానికి దాచుకున్న ఆ కుప్పే పదిహేను రోజులు మిగిల్చింది.

ఇక మిగిలింది వెంకటరత్నమ్మ చేతులు. మందున్న గంప ఏదో తెలిస్తే ఆ చేతులు ఆగవు. ఆమె చేతులే కాదు, నిజం చెప్పాలంటే లెక్కపెట్టేటప్పుడు తన కళ్లూ ఆగవని నిలోఫర్‌కు తెలుసు. గెలవాలనే ఆశ ఉన్న మనిషి సగం వాడిన చెట్టును ఎటు కావాలంటే అటు లెక్క వేసుకుంటుంది. అందుకని ఇంటికి పోయి వాళ్ల నాన్నను అడిగింది.

మహబూబ్ బాషా ఆ ఆదివారం అంగడి మూసి గుడుపల్లె వచ్చాడు. ఆడవాళ్లు ముగ్గురినీ బోరు దగ్గరికి పంపేశాడు. మందున్న కుప్ప ఒకటి, మందు లేకుండా బెల్లం నీళ్లు మాత్రం చల్లిన కుప్ప ఒకటి. రెండింటిలోనూ ఎర్రమన్ను కలియబెట్టి రంగు తెలియకుండా చేసి, సాలుకొకటి చొప్పున పన్నెండు సంచులు నింపాడు. బాగుచేసిన ట్యాంకులు ఒకరివొకరికి పోకుండా అంకెలు వేసే ఎర్ర పెయింటు ఒకటి ఆయన దగ్గర ఉంటుంది. దానితో సంచుల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా వేశాడు. ఏ అంకెలో ఏముందో చీటీ రాసి, నాజిల్ ముక్కలుంచే రేకు డబ్బాలో పెట్టి, డబ్బా సంచిలో వేసుకున్నాడు.

"నాకు కూడా చెప్పొద్దు" అంది నిలోఫర్.

"అరె బేటీ, నీకు చెప్పేదానికా ఇంత దూరం వచ్చింది?" అన్నాడాయన.

వెంకటరత్నమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. "ఇదీ భేదమే గదా పాపా?"

"అందరికీ ఒకే గంప అవ్వా. ఎరువు అందరికీ ఉండాది. మందు దేంట్లో ఉండాదో నీకు తెలీదు, నాకు తెలీదు. తెలిసి చేస్తేనే గదా భేదం?"

"దేవునికి తెలుసు గదా."

"దేవునికీ, మా నాయనకీ."

ముసలామె నవ్వింది. నవ్వుతూనే, "నువ్వొచ్చి అయిపాయె అని సెప్పేదాకా నేను ముట్టుకోను. మాట" అంది.

ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమయిందో అక్టోబరులో తెలిసింది. వానలు పట్టుకున్నాయి. తడికి ఎండు తెగులు రెచ్చిపోయింది. పొద్దున పచ్చగా ఉన్న చెట్టు సాయంత్రానికి తల వేలాడేసేది. నిలోఫర్ చచ్చిన ప్రతి చెట్టు కాండాన్నీ బ్లేడుతో చీల్చి, లోపల గోధుమరంగు చార ఉందా అని చూసి, ఉంటేనే రాసుకునేది. వారం మధ్యలో ముసలామె ఫోను చేసేది.

"ఏడో సాలు సచ్చిపోతాండాది పాపా. నిన్న మూడు, ఈపొద్దు రెండు. నా కండ్లతో సూడలేకుండా ఉండాను. ఇంకొక గంప ఏస్తే?"

"వద్దవ్వా."

"ఒక్క గుప్పెడు?"

"వద్దు. నా మీద ఒట్టు."

ఫోను పెట్టేశాక నిలోఫర్ ల్యాబు మెట్ల మీద కూర్చుని తనను తనే తిట్టుకునేది. మునిస్వామి చేను, ముసలామె కన్నీళ్లు, ఇన్నీ తీసుకుని చివరికి ఏడో సంచిలోనే మందుంటే? మందు పనిచేయలేదని రాయాలి. రాస్తానని అప్పుడే నిర్ణయించుకుంది. గీత మాత్రం పెట్టేది లేదు. నవంబరు తొమ్మిదిన చివరి లెక్క అయ్యేదాకా ఒక్క ఆదివారం కూడా తప్పలేదు.

ఆ సాయంత్రం పుంగనూరులో, అంగడి షట్టరు సగం దించి, మహబూబ్ బాషా రేకు డబ్బా తీశాడు. చీటీ విప్పి, ఏ అంకెలో ఏముందో వరసగా చదివాడు. నిలోఫర్ ఒక్కో అంకె పక్కన రాసుకుంటూ పోయింది. మందున్న ఆరు సాళ్లలో చచ్చినవి పదహారు. ఉత్త ఎరువు ఆరు సాళ్లలో యాభై ఎనిమిది. ఏడో సాలుది ఉత్త ఎరువే. ఆమె కాగితం మీద తల ఆనించి, "పనిచేసింది, పనిచేసింది" అంటూ ఉండిపోయింది. యాభై ఎనిమిది! సారు రాసెయ్యమన్న అంకే. అప్పుడు రాసి ఉంటే అబద్ధమయ్యేది.

"మొదటిసారి జరిగింది చెప్పకు, పరువు పోతుంది" అన్నాడు సాయిప్రసాద్ సారు సెమినార్ పొద్దున.  నిలోఫర్ వేదిక ఎక్కి మొదటి స్లయిడులోనే పదకొండు, పదమూడు చూపించింది. ఆ పదమూడు ఎందుకు వచ్చిందో చెప్పింది. హాలంతా ఒకటే నవ్వు. సారు తల దించుకున్నాడు. బెంగళూరు నుంచి వచ్చిన మేడం నవ్వలేదు.

"ఇది నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదా?"

"తెలిసేది కాదు మేడం. కానీ అందులో నా తప్పు కూడా ఉంది. మందు వేయని నా కంట్రోల్ సాళ్లకు నేను ఎరువు కూడా వేయలేదు. అది పట్టుకుంది వెంకటరత్నమ్మ. రెండో ప్రయోగం ఆమె ప్రశ్న మీదే కట్టాను. ఆ పేరు తీసేస్తే ఇది నా పని కూడా కాదు."

నవ్వులు ఆగాయి. మేడం ఆ పేరు ఎలా రాయాలో అడిగి రాసుకుంది. మరునాడు నోటీసు బోర్డు మీద ఒకే పేరు ఉంది. సాయిప్రసాద్ సారు దాని ముందు నిలబడి, నిలోఫర్ రాగానే, "నేను చెప్పినట్టు వినకపోవడం మంచిదైంది తల్లీ" అన్నాడు. అలా అనడానికి కూడా మనిషికి గుండె ఉండాలి.

ఆదివారం గుడుపల్లె చేరేసరికి వాన వెలిసి ఎండ కాస్తోంది. వెంకటరత్నమ్మ గట్టు మీద, సాళ్లకు వీపు పెట్టి కూర్చుని ఉంది. నెలరోజులుగా అలాగే కూర్చుంటోందని రేఖ చెప్పింది. పక్కనే తడి గోనెపట్ట కప్పిన మందు ఎరువు గంప సిద్ధంగా ఉంది.

"గెలిస్తివా?"

"గెలిచినా అవ్వా. బెంగళూరు పోతాండా."

ముసలామె ఆమె చెంపలు రెండూ నిమిరి మెటికలు విరిచింది. కానీ చూపు అప్పుడే గంప మీదికి పోయింది. "అయితే అయిపాయెనా? ఇంక వడ్డించచ్చునా?"

 నిలోఫర్ తలూపి, చెప్పులు గట్టు మీద విడిచి, గంప తనే నడుముకు ఎత్తుకుంది. ఏడో సాలులో బతికున్నవి పదిహేనే. మొదటి చెట్టు దగ్గర వంగి, గుప్పెడు ఎరువు వేసి మన్ను కప్పింది. వెనకాలే వస్తున్న వెంకటరత్నమ్మకు అది చాలలేదు.

"ఇంకొంచెం ఎయ్యి పాపా. రెండు నెలలు ఓర్సుకోనుండాయి."

నిలోఫర్ ఇంకో గుప్పెడు వేసింది.